పోటీ వారంలో పోయిన డీకన్

అలబామాలోని టాలివర్ ఊళ్లో పెద్దమనిషి అనిపించుకున్న ప్రతివాడూ సందు దొరికితే చాలు, తాను గాడిదనని చెప్పుకుంటాడు. "నేను గాడిదని, మా నాన్న గాడిద, మా తాతయ్యయితే గాడిదల్లోకెల్లా గాడిద" అని జడ్జిగారంతటివాడు కోర్టు మెట్ల మీద నిలబడి గుండె మీద చెయ్యేసుకుని అనగా విన్నవాళ్లున్నారు. టాలివర్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పేరు కంచరగాడిదలు. అక్కడికి ఉత్తరాన డెబ్బై మైళ్ల దూరంలో ఉన్న పెటిగ్రూ స్టేట్ జట్టు పేరు అడవిపందులు. నవంబరు చివరి శనివారం నాడు ఈ గాడిదలూ ఆ పందులూ కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఒక బంతి కోసం ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకుంటారు. దానికి ముందు వచ్చే ఏడు రోజుల్నీ ఊళ్లో ‘ఆ వారం’ అంటారు. ఏ వారం అని అడిగితే పొరుగూరివాడనుకుంటారు. రెండోసారి అడిగితే పెటిగ్రూ వేగులవాడనుకుంటారు.

ఆ వారంలో పెళ్లి ముహూర్తాలుండవు. పళ్ల డాక్టరు పన్ను పీకడు, పీకించుకున్నవాడు శనివారం గొంతెత్తి అరవలేడు కదా అని. పాస్టరుగారు ఆదివారం ప్రసంగానికి గాడిద కనిపించే ఘట్టమే ఏరుకుంటారు. ఊళ్లో నారింజ రంగు పళ్లు కూడా అమ్మరు, అది పెటిగ్రూ వాళ్ల రంగు; టాలివర్‌ది ఆకుపచ్చ. కమలాపళ్లు కావలసినవాళ్లు ముందువారమే కొని గోనెసంచీలో దాచుకుంటారు.

ఇంతటి ఊరికి ప్రాణాధారమైన జీవాన్ని చూసుకునే పని మోజెల్ ప్రాథర్‌ది.

మోజెల్‌కి అరవై నాలుగేళ్లు. బడి వంటశాలలో ముప్ఫై ఒక్కేళ్లు మొక్కజొన్న రొట్టె కాల్చిన చేతులు. ఊళ్లో సగంమంది ఆ రొట్టె తిని పెరిగినవాళ్లే కాబట్టి అందరికీ ఆవిడ ‘మిస్ మోజెల్’. నోరు తక్కువ, భుజాలు వెడల్పు. యూనివర్సిటీ వాళ్ల కంచరగాడిద డీకన్‌ని మొదట చూసుకున్నది ఆవిడ భర్త డెవిట్. పదకొండేళ్ల క్రితం డెవిట్ పోయాక, వ్యవసాయ కాలేజీలో పట్టా పుచ్చుకున్న ఒకాయన్ని ఆ పనిలో పెట్టారు. డీకన్ మూడు రోజులు గడ్డి ముట్టలేదు. నాలుగో రోజు ముట్టాడు గానీ గడ్డిని కాదు, ఆ పట్టా ఉన్నాయన భుజాన్ని. అయిదో రోజు యూనివర్సిటీ వాళ్లు టోపీలు చేత్తో పట్టుకుని మోజెల్ గుమ్మం ఎక్కారు.

డీకన్ అంటే చర్చి పెద్ద. ఆ పేరుకి తగ్గట్టే ఊరంతా అతన్ని ‘గారు’ అనేవాళ్లు. టాలివర్‌లో డీకన్‌ని ‘అది’ అన్నవాడు మళ్లీ ఆ మొహంతో క్షవరానికి కూడా ఎక్కడా కూర్చోలేడు. ఏడాదంతా అతను చేసేది తినడం, నిలబడే నిద్రపోవడం. పని ఒక్కరోజే. పోటీకి ముందు శుక్రవారం సాయంత్రం గంట మేడ మెట్ల మీదికి అతన్ని ఎక్కిస్తారు. బ్యాండువాళ్లు జట్టు పాట వాయిస్తారు. యూనివర్సిటీ అధ్యక్షుడు టోపీ తీసి వంగి, "డీకన్ గారూ, ఏమంటారు?" అని అడుగుతారు. ఇరవై వేలమంది ఊపిరి బిగపడతారు. డీకన్ ఓండ్ర పెడతాడు. అంతే, గెలుపు మనదేనని మొగవాళ్లు ఒకళ్ల భుజం మీద ఒకళ్లు పడి ఏడుస్తారు.

అసలు సంగతి మోజెల్ ఎడమ జేబులో ఉండేది. డీకన్‌కి పిప్పరమెంటు బిళ్లలంటే పిచ్చి. పాట ఆఖరి చరణంలో ఆవిడ జేబులో కాగితం చిటపటలాడించి, బిళ్ల మాత్రం బయటికి తీసేది కాదు. తియ్యకపోతే అరుస్తాడు. పదకొండేళ్లలో పదకొండుసార్లూ అరిచాడు. టాలివర్ గెలిచింది నాలుగుసార్లు. ఓడిన ఏడు సార్లకీ కారణాలు దొరికాయి. ఒక ఏడు గాలి, ఒక ఏడు అధ్యక్షుడి కొత్త టోపీ, ఒక ఏడు బాకా ఊదేవాడికి జలుబు. డీకన్‌ని తప్పుపట్టినవాడు మటుకు లేడు.

ఈ కథ జరిగిన ఏడు, ఆ వారం మొదటిరోజు ఆదివారం పొద్దున మోజెల్ దాణా బకెట్ పట్టుకుని కొట్టంలోకి వెళ్లేసరికి డీకన్ పడుకుని ఉన్నాడు. కాళ్లు ముడుచుకుని, గడ్డం గడ్డి మీద ఆనించి. ఆవిడ పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. చర్చి గంట మోగింది, మోగి ఆగిపోయింది. డెవిట్ పోయిన వారం తర్వాత ఆవిడ చర్చి మానింది ఆ ఒక్క ఆదివారమే. కూర్చున్నంతసేపూ ఎడమ జేబులో ఉన్న బిళ్ల కాగితాన్ని వేళ్లతో నలుపుతూనే ఉంది. అరిచేవాడు లేడు.

ఫోన్ చేసిన పావుగంటలో ప్రెస్కాట్ లీడమ్ వచ్చాడు. ఆయన యూనివర్సిటీలో సంప్రదాయాల శాఖకి ఉపాధ్యక్షుడు. ఒహాయో నుంచి వచ్చి అయిదేళ్లే అయినా ఊళ్లో పుట్టినవాళ్లకంటే పచ్చగా తయారయ్యాడు. పచ్చ టై, పచ్చ మేజోళ్లు, కళ్లజోడు చట్రం కూడా పచ్చే.

ఎప్పుడు పోయాడని గానీ ఎలా పోయాడని గానీ ఆయన అడగలేదు.

"ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు తెలుసు. వాడికి తెలుసు," అంది మోజెల్, డీకన్ వైపు చూపించి.

"మిస్ మోజెల్, మీ బాధ నా బాధే. కానీ ఒక్క మాట. శనివారం దాకా ఆయన పోలేదనుకుందాం."

"మనం అనుకుంటే లేస్తాడాండీ?"

"లేవక్కర్లేదు. అలాంటివాడే ఇంకొకడు..." లీడమ్ గొంతు తగ్గించాడు. "ఇది మోసం అనుకోకండి. సంప్రదాయం తెగిపోకుండా ముడి వెయ్యడం, అంతే. ఇంతవరకు ఎవరికీ తట్టని ఆలోచనని నాకూ తెలుసు. కానీ పరిస్థితి అలాంటిది."

"డెవిట్‌కి తట్టింది," అంది మోజెల్.

"ఏంటీ?"

"పెద్ద సుడిగాలి వచ్చిన ఏడు. వీడు రెండోవాడు. మీరప్పుడు బళ్లో చదువుకుంటుండాలి."

లీడమ్ బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. డీకన్ గారికి నలభై మూడేళ్లని, అది దేవుడు టాలివర్‌కి ఇచ్చిన ఆయుష్షని, లీడమ్ స్వయంగా రాసిన పుస్తకం ఆ ఏడు కొత్త విద్యార్థులందరికీ పంచిపెట్టారు.

"మరి మొదటాయన?" అన్నాడు.

"పంపు షెడ్డు వెనకాల ఉన్నాడు. రాయి లేదు, గుర్తు లేదు. డెవిట్‌కి చచ్చేదాకా అదే ముల్లు. వీడికి రాయి వెయ్యాలి, పేరు చెక్కించి. సరేనంటే శుక్రవారం మెట్లెక్కుతాను. లేదంటే మీ గాడిదని మీరే అరిపించుకోండి."

"అయ్యో, రాయేగా! పోటీ అయిన మర్నాడే వేయిద్దాం," అన్నాడు లీడమ్. ఆ గొంతు విని మోజెల్‌కి అప్పుడే అనుమానం వచ్చింది.

ముదురు గోధుమ రంగులో, మూతి దగ్గర మాత్రం పిండి అద్దినట్టుండే కంచరగాడిదలు ఆ చుట్టుపక్కల ఒక్కచోటే ఉన్నాయి. ఎనిమిది మైళ్ల అవతల మోజెల్ అక్క ఎర్లీన్ మొగుడు హోయ్ట్ శాటర్‌ఫీల్డ్ దొడ్లో. హోయ్ట్ పుట్టు పంది. అంటే పెటిగ్రూ పక్షం. ఇరవై రెండేళ్ల క్రితం థాంక్స్‌గివింగ్ పండగ విందులో ఒక ఆటగాడి మోకాలి గురించి మొదలైన చర్చ చిలగడదుంపల గిన్నె గోడకి తగలడంతో ముగిసింది. అప్పటినుంచి బావా మరదళ్లు నవంబరు ఒకటో తారీఖు నుంచి పోటీ అయ్యేదాకా మాట్లాడుకోరు. చెప్పుకోక తప్పనిది ఉంటే ఎర్లీన్ మధ్యలో నిలబడి అటూ ఇటూ మోస్తుంది. డిసెంబరులో మళ్లీ ఏమీ జరగనట్టు కబుర్లు.

మోజెల్ బండి దిగేసరికి హోయ్ట్ నారింజ టోపీ పెట్టుకుని వరండాలో పికాన్ కాయలు ఒలుస్తున్నాడు.

"ఏమే, ఈ నెల్లో వచ్చావు? ఎవరికేమైందే?" అంటూ ఎర్లీన్ పరిగెత్తుకొచ్చింది.

"ఎర్లీన్, మీ చెల్లెల్ని క్యాలెండరు చూసుకోమను," అన్నాడు హోయ్ట్ తల ఎత్తకుండా. "ఇంకా ఆరు రోజులుంది."

"బావతో పనుందని చెప్పక్కా."

"మనకి గాడిదలతో పనేం లేదని చెప్పవే."

"ఆ గాడిద గురించే వచ్చాను బావా," అంది మోజెల్ నేరుగా.

ఇరవై రెండేళ్ల కట్టుబాటు తెగిన చప్పుడుకి ఎర్లీన్ నోటి మీద చెయ్యి వేసుకుంది. హోయ్ట్ చేతిలో కాయ ఆగిపోయింది.

"ఏం, అది మళ్లీ ఎవర్ని కరిచింది? కరవనీ. పట్టా ఉన్నవాళ్లందర్నీ కరవమను."

"పొద్దున పోయాడు."

హోయ్ట్ టోపీ తీశాడు. నవంబరులో ఆ టోపీ ఆయన తల దిగడం ఎర్లీన్ కూడా ఎప్పుడూ చూడలేదు.

"పోయాడా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోట డీకన్ ‘వాడు’ కావడం అదే మొదలు. "బాధపడ్డాడా?"

"లేదు. నిద్రలోనే."

"పళ్లెలా ఉన్నాయి?"

"ఆఖరిదాకా గట్టిగానే ఉన్నాయి."

"ఉంటాయి. మంచి జీవి. ఆ మొహం చూస్తే నాకు ఒళ్లు మండేదనుకో. వాడు అరిచిన ప్రతి శుక్రవారం నాకు అన్నం సయించేది కాదు. కానీ మంచి జీవి." ఒళ్లోని పికాన్ చిప్పలు దులుపుకున్నాడు. తర్వాత, "గొయ్యి ఎవరు తవ్వుతున్నారు?" అన్నాడు.

"నువ్వే."

"మరి ఇప్పుడా చెప్పడం?" అని విసుక్కుంటూ మట్టి తవ్వే యంత్రం తాళాల కోసం లోపలికి వెళ్లాడు.

ఆ సాయంత్రమే మోజెల్ పెరట్లో, రోడ్డు పక్కనున్న పీచ్ చెట్ల నడుమ డీకన్‌ని దింపారు. లీడమ్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరికంటా పడకూడదని పొదల చాటుగా వచ్చి, యంత్రం మీద నారింజ టోపీని చూసి పొదలోనే కూలబడ్డంత పని చేశాడు.

"మిస్ మోజెల్! ఈయన... ఈయన పెటిగ్రూ?"

"గొయ్యి మీదేలెండి," అన్నాడు హోయ్ట్. "మట్టికి రంగు వెయ్యలేదు ఇంకా."

రెండు మాటల ప్రార్థన కూడా హోయ్టే చెప్పాడు. లీడమ్ గడియారం చూసుకున్నాడు.

అసలు అడగవలసింది మోజెల్ అప్పుడడిగింది. హోయ్ట్ చాలాసేపు నవ్వాడు. ఆయన దొడ్లో డీకన్‌ని పోలినవాడు ఒకడున్నాడు. వాడి పేరు కోచ్. టాలివర్ జట్టు కోచ్‌ని పేరుపెట్టి తిట్టడానికి వీలుగా ఉంటుందని హోయ్ట్ ఏరికోరి పెట్టుకున్న పేరు. "కదలరా కోచ్, తిండికి తప్ప ఎందుకూ పనికిరావు" అని రోజూ పొద్దున్నే అంటే ఆయనకి ఆకలి బాగా వేస్తుంది.

"నా జీవం మీ మెట్లెక్కాలా? మా నాన్న సమాధిలో లేచి కూర్చుంటాడు."

"కూర్చుంటే కూర్చోనీ, ఆయన ఎలాగూ పడుకుని ఏం చేస్తున్నాడు గనక," అంది ఎర్లీన్. "దానికి మొగుడా, మొద్దా? ఉన్న ఒక్క జీవం పోయింది. ఇవ్వవయ్యా."

హోయ్ట్ ఇచ్చాడు. పగ్గం మోజెల్ చేతిలో పెడుతూ, "ఒక్క సంగతి మోజెల్, ఆ బ్యాండు..." అని ఆగాడు. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "ఏం లేదు. నవంబరు కదా," అన్నాడు.

సోమవారం యూనివర్సిటీ ఒక ప్రకటన చేసింది. డీకన్ గారు పోటీ గురించి మనసు కుదుటపరుచుకోవడానికి ఏకాంతంలో ఉన్నారని, దర్శనాలు లేవని. ఆ ముక్క రాయకపోయినా బాగుండేది. మధ్యాహ్నానికల్లా మోజెల్ కంచె చుట్టూ మూడు వరసల జనం. క్యారెట్లు తెచ్చినవాళ్లు, పిల్లల్ని ఎత్తి చూపించేవాళ్లు, చేతులు పట్టుకుని ప్రార్థన చేసేవాళ్లు. పక్కూరి రేడియోలో మూడు గంటల చర్చ పెట్టారు: డీకన్ ఏకాంతానికి అర్థమేమిటి? ఫోన్ చేసినవాళ్లలో ఒకాయన, పచ్చగడ్డి మేస్తే శుభమా, ఎండుగడ్డి మేస్తే శుభమా అని అడిగితే, ఇంకొకాయన ఏడుస్తూ, "నా విడాకులప్పుడు కూడా నాకింత కంగారు లేదన్నా" అన్నాడు. రేడియో అన్నకి అర్థమైంది. అన్నకీ విడాకులయ్యాయి.

మంగళవారం రొట్టెల దుకాణంలో పచ్చ రొట్టె, క్షవరశాలలో పచ్చ గడ్డం. పెటిగ్రూ నుంచి వచ్చి కాపురం ఉంటున్న ఒక ఇల్లాలి చెట్టు నిండా ఎవరో మరుగుదొడ్డి కాగితం చుట్టిపోతే, పోలీసు వచ్చి చూసి, పనితనం బాగుందని మెచ్చుకుని వెళ్లాడు.

బుధవారం అసలు పని. డీకన్ ఎడమ చెవి కొస తెల్లగా ఉండేది, కోచ్‌ది కాదు. మోజెల్ జుట్టు రంగు వెలిసిపోయే మందు కలిపి చిన్న కుంచె పట్టుకుంది. వెనక కాళ్లు ఎవరో ఒకరు పట్టుకోవాలి. కొట్టంలో ఉన్నది లీడమ్ ఒక్కడే. అవసరం వచ్చి వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడని మనం అనుకుంటాం. వసుదేవుడికి కనీసం ఆ గాడిద చెవి తెల్లబరిచే బాధ లేదు. లీడమ్ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా పట్టుకున్నాడు. "మెల్లగా కోచ్, మెల్లగా బాబూ," అంది మోజెల్. "దయచేసి ఆ పేరుతో పిలవకండి, కంచె అవతల జనం," అన్నాడు లీడమ్ కిందినుంచి. ఆ మాట పూర్తయ్యేలోపు కోచ్ కాలు విదిలించాడు. పచ్చ కళ్లజోడు ఎగిరి నీళ్లతొట్టిలో పడింది.

అంతకంటే పెద్ద చిక్కు పిప్పరమెంటుతో వచ్చింది. కోచ్ దాన్ని ఒకసారి నోట్లో పెట్టుకుని లీడమ్ కోటు మీదికి ఉమ్మేశాడు. ఆపిల్ పెట్టారు, బెల్లప్పాకం పెట్టారు, టర్నిప్ దుంప పెట్టారు. పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. పెట్టకపోయినా నోరెత్తలేదు. రెండు రోజుల్లో ఇరవై వేలమంది ముందు అరవవలసిన గొంతు అది.

గురువారం థాంక్స్‌గివింగ్. మోజెల్ ఒక్కతే వంట చేసుకుంటోంది. టర్కీ కోడిలో కూరడానికి ఇనప మూకుడులో మొక్కజొన్న రొట్టె కాల్చి, చల్లారనివ్వడానికి కిటికీ దగ్గర పెట్టింది. పెట్టిన మరుక్షణం కొట్టం కప్పు ఎగిరిపోయేంత ఓండ్ర. కంచె అవతల జనం మోకాళ్ల మీద పడ్డారు. మోజెల్ కిటికీ మూసింది, ఓండ్ర ఆగింది. తెరిచింది, మళ్లీ మొదలైంది. ముప్ఫై ఒక్కేళ్లు వేలమంది పిల్లలకి పెట్టినా ఆ రొట్టెని ఇంత బాహాటంగా మెచ్చుకున్నవాడు ఇంకొకడు లేడు. ఆవిడకి ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది, వెంటనే డీకన్ గుర్తొచ్చి ఆగింది.

శుక్రవారం సాయంత్రం మోజెల్ జేబులో రొట్టె ముక్క, పక్కన తెల్ల చెవి కోచ్, వెనకాల ప్రాణం అరచేతిలో పెట్టుకున్న లీడమ్. గంట మేడ కింద ఇసకేస్తే రాలని జనం. అధ్యక్షుడు కొత్త బూట్లు వేసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. బ్యాండు పాట ఎత్తుకుంది.

పాట మొదటి ముక్క చెవిన పడగానే కోచ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. తీరిగ్గా, ఒక్కొక్క కాలే ఎత్తి పెడుతూ వెనక్కి తిరిగాడు. పిరుదులు సరిగ్గా అధ్యక్షుడి మొహానికి ఎదురుగా వచ్చేదాకా తిరిగి, నిలబడ్డాడు.

మోజెల్‌కి మెరుపులా తట్టింది. హోయ్ట్! రేడియోలో ఈ పాట వచ్చినప్పుడల్లా వెనక్కి తిప్పి, తిప్పినందుకు టర్నిప్ దుంప పెట్టి, ఏళ్ల తరబడి నేర్పించి ఉంటాడు. నవంబరు కదా!

అధ్యక్షుడు అప్పటికే టోపీ తీసి వంగాడు. వంగినవాడు లేవడమా మానడమా తేల్చుకోలేక అలాగే ఉండిపోయి, తోకకి, "డీకన్ గారూ, ఏమంటారు?" అన్నాడు. కోచ్ తోక ఎత్తాడు. చెప్పవలసింది కొత్త బూట్ల మీద చెప్పాడు.

ఇరవై వేలమందిలో చీమ చిటుక్కుమనలేదు. లీడమ్ కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు జనం మధ్యనుంచి ఎవడో గొంతు చించుకున్నాడు. "ఒరేయ్! ఉత్తరం ఎటురా? పెటిగ్రూ ఎటురా? వాళ్ల నెత్తినేరా వేశారు డీకన్ గారు!"

నిజానికి ఉత్తరం అటు కాదు. కానీ ఆ సమయంలో దిక్కులు చూసేంత తీరిక ఎవరికుంది? ఒక్కసారిగా మేడ అదిరేలా కేకలు లేచాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కావలించుకున్నారు. అధ్యక్షుడు బూట్లు తుడుచుకోకుండా చేతులెత్తి ఊపాడు. మోజెల్ జేబులో రొట్టె పొడి చేస్తే, కోచ్ అటు తిరిగే, ఆకాశంకేసి ఓండ్ర పెట్టాడు. ఆ మర్నాడు పొద్దున టీవీలో ఒక చరిత్ర ఆచార్యుడు, డీకన్ వెనక్కి తిరగడమనేది తొంభై ఏళ్ల నాటి ఆచారమని, మధ్యలో మరుగున పడిందని, ఇన్నాళ్లకి పునరుద్ధరించినందుకు సంప్రదాయాల శాఖని అభినందించాలని చెప్పాడు.

శనివారం పోటీ జరిగింది. మోజెల్ సగం ఆట కొట్టంలో రేడియోలో వింది. సగానికి టాలివర్ ఇరవై నాలుగు పాయింట్లు వెనక ఉండగా రేడియో కట్టేసి, డెవిట్‌కి రాయి చెక్కినాయన ఇంటికి బయల్దేరింది. ఆయన ఆట చూస్తూ ఏడుస్తున్నాడు. ఏదో ఒక పని ఉంటే బాగుండునని అనుకుంటున్నానంటూ వెంటనే ఉలి తీశాడు. చివరికి పెటిగ్రూ వాళ్లు ముప్ఫై నాలుగు, టాలివర్ వాళ్లు ఆరు.

ఆదివారం చర్చి బయట అందరూ ఒకటే మాట. "డీకన్ గారు మనకి వీపు చూపించారు కదయ్యా! ఆయనకి ముందే తెలుసు. మనకే అర్థం కాలేదు." శుక్రవారం ఉత్తరం ఎటని అరిచినవాడే ఆ మాట అందరికంటే గట్టిగా అన్నాడు. డీకన్ పరువు రెండింతలైంది.

రాయి సంగతి మోజెల్ అడిగితే లీడమ్ కొత్త కళ్లజోడు సర్దుకున్నాడు. "జనవరి దాకా ఆగుదాం మిస్ మోజెల్. ఇంకా ఒక ఆట ఉంది. ఆ తర్వాత ఎలాగూ వచ్చే ఏటి ఆటగాళ్లని ఎంచుకునే రోజులు. అప్పుడు కాకపోతే..."

ఆవిడ ఆగలేదు. మంగళవారం రాయి వచ్చింది. రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనిపించేలా, పీచ్ చెట్ల ముందు పాతించింది. దాని మీద ఇలా ఉంది: ‘డీకన్. టాలివర్ యూనివర్సిటీ కంచరగాడిద. నవంబరులో ఒక ఆదివారం నిద్రలో పోయాడు. పంపు షెడ్డు వెనక ఇంకొక డీకన్ ఉన్నాడు.’

లీడమ్ పరుగున వచ్చి చదివి, తెల్లబోయి, రాజీనామా ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని తిరిగాడు. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఊరి పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది.

"ఇది ఎవరి సమాధి మిస్ మోజెల్?"

"రాసుందిగా తల్లీ. డీకన్‌ది."

"మరి ఆ కొట్టంలో?"

"అది మా బావ గాడిద."

ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "మీరు భలేవారండీ!" అంది. పత్రికలో రాసింది కూడా: ఓటమి దుఃఖంలో ఉన్న ఊరిని నవ్వించడానికి మిస్ మోజెల్ ఆడిన వేళాకోళం అని, మన ఆశ ఆ ఆదివారమే చచ్చిపోయిందన్నది దాని గూఢార్థమని. జనం వచ్చి రాయి పక్కన నిలబడి నవ్వుతూ ఫోటోలు దిగారు. లీడమ్ రాజీనామా చింపేసి, ఆ రాయిని యూనివర్సిటీ దర్శనీయ స్థలాల జాబితాలో చేర్చాడు.

హోయ్ట్‌కి మాత్రం కోచ్ తిరిగి దక్కలేదు. తెల్ల చెవి ఇప్పుడు ఊరి సొత్తు. ఆదివారం ఆదివారం సంచీలో టర్నిప్ దుంపలు పట్టుకుని, నారింజ టోపీ మడిచి జేబులో దాచుకుని, పచ్చ రంగేసిన కొట్టంలోకి దొంగలా వచ్చి, "ఎలా ఉన్నావురా కోచ్? తిండి సరిగ్గా పెడుతున్నారా ఈ గాడిదలు?" అని చెవిలో అడిగి వెళ్లేవాడు.

డిసెంబరు మూడో ఆదివారం అలా వచ్చినప్పుడు, ఒక కుటుంబం రాయి ముందు నిలబడి పళ్లికిలించి ఫోటో దిగుతోంది. మోజెల్ వరండాలో కాఫీ పోసింది. ఇద్దరూ కూర్చుని వాళ్లని చూస్తున్నారు.

"రాతిలో చెక్కినా మీ వాళ్లకి ఎక్కలేదేంటే?" అన్నాడు హోయ్ట్.

"ఎక్కుద్ది బావా. ఆట లేని నెల చూసి చెప్పాలి."

"అది ఏ నెల?"

మోజెల్ కప్పు కింద పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టింది. జనవరిలో ఆఖరి ఆట. ఫిబ్రవరిలో కొత్త ఆటగాళ్ల సంతకాలు. మార్చి, ఏప్రిల్ వసంతపు సాధన. మేలో జట్టు కోచ్‌ని ఉంచాలా తీసెయ్యాలా అన్న తగువు. జూన్, జూలైలలో ఈసారి ఎవరు గెలుస్తారన్న జోస్యాలు. ఆగస్టు నుంచి సరేసరి.

"చలి పెరిగింది, లోపలికి పద," అంది.